డబ్బాలో పడని వాన

ఎమ్మిగనూరు రెవెన్యూ ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ చాలా సంతోషించింది. ఆదోని నుంచి బస్సులో గంట ప్రయాణం, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. చేరిన రెండో వారంలో మా ఆఫీసరు నన్ను పిలిచి, కిటికీలోంచి ఆవరణలో ఒక మూల చూపించి, ఇక మీదట అది నీ బాధ్యత అన్నాడు. అక్కడ ముళ్ళకంచె మధ్య, సిమెంటు దిమ్మ మీద, మోకాలెత్తు ఇనుప డబ్బా ఒకటుంది. పైన గరాటు, లోపల సీసా. వాన కొలిచే డబ్బా అది. రోజూ పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు గరాటు ఎత్తి, సీసాలో నీళ్ళుంటే గీతలున్న కొలగాజులో పోసి చూసి, రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. నీళ్ళు లేకపోతే సున్నా రాసి సంతకం పెట్టాలి.

ఆదోని బస్సు ఆ వారంలో ఒక్క రోజు కూడా ఎనిమిదిన్నరలోపు రాలేదు. ఒకసారి టైరు, ఒకసారి రైల్వే గేటు, ఒకసారి పత్తి బస్తాలు ఎక్కించడం దగ్గర తగాదా. నేను తొమ్మిదింటికి రొప్పుకుంటూ వచ్చి ఎనిమిదిన్నర అని రాశాను. ఆఫీసరు చూశాడు. ఇక్కడే ఒక గది చూసుకోమన్నాడు. మరి ఆదివారాలు? వానకు ఆదివారం లేదు కదా అన్నాడు.

అట్లా నేను ఒక ఇనుప డబ్బా కోసం ఎమ్మిగనూరులో కాపురం పెట్టాను. డెబ్బై ఎనిమిదో డెబ్బై తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. ఉగాదికీ ఇంటికి పోలేదు, మా చెల్లెలి నిశ్చితార్థానికి మధ్యాహ్నం పోయి ఆఖరి బస్సుకు తిరిగొచ్చాను. మొదటి తొమ్మిది నెలల్లో నేను రాసిన సున్నాలు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆదోనిలో పుట్టి పెరిగినవాడికి ఎమ్మిగనూరు చుట్టుపక్కల చూడటానికి ఏమీ లేదనిపించేది. మాకు ఇంటి వెనకే కొండ. గుండు మీద గుండు పేర్చినట్టు ఉండే ఆ రాళ్ళ కింద ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. మిల్లుల కూత విని మేము టైము చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ ఎటు చూసినా చదును. కన్ను ఆనడానికి ఒక ఎత్తు లేదు. జూన్ నుంచి పడమటి గాలి మొదలైతే అన్నంలో దుమ్ము, పక్కలో దుమ్ము, రిజిస్టరు పేజీల మధ్య దుమ్ము. మబ్బులు మాత్రం రోజూ వచ్చేవి. మా నెత్తి మీదుగా తూర్పుకు తరలిపోయేవి. ఎవరిదో పెండ్లికి పోతున్నట్టు పోయేవి.

మా ఆఫీసు ప్యూనుది కన్నడ సరిహద్దులోని హొళగుంద. యాభై దాటిన మనిషి. నేను డబ్బా దగ్గరికి బయలుదేరగానే వరండాలోంచే "మళె ఇల్లప్పా" అనేవాడు. కన్నడంలో వాన లేదని. అది నాకు తెలుసు. వాన పడి ఉంటే నాకు ముందే తెలియదా? అయినా రోజూ అనేవాడు. పైగా నా కంచె మీద తన పంచెలు ఆరేసేవాడు. గాలికి పంచె నీళ్ళు గరాటులోకి చింది, ఒక పొద్దున సీసాలో రెండు చుక్కలు కనబడ్డాయి. ఎండలు మండిపోతున్న ఏప్రిల్‌లో వాన పడిందని రాయబోయి ఆగిపోయాను. ఆ రోజు అతనితో గట్టిగా పోట్లాడాను. అతను పంచె తీసి, మరునాడు తువ్వాలు ఆరేశాడు.

ఇక వచ్చేపోయే రైతులు. డబ్బా నా సొంతమైనట్టు, వాన నేను ఆపి పెట్టినట్టు అడిగేవాళ్ళు. ఏం సార్, మీ డబ్బా ఏమంటుంది, ఈ వారం వస్తుందా? ఇది వచ్చిన వానను కొలుస్తుంది గానీ రాబోయేదాన్ని చెప్పదు అని ఎంతమందికి చెప్పానో. మరైతే ఎందుకు సార్ ఇది, అనేవాళ్ళు.

సెప్టెంబరు మొదట్లో, పుబ్బ కార్తెలో ఒక సాయంత్రం ఈశాన్యంలో మబ్బు పట్టి, ఊరి మీద కుమ్మరించింది. ఆఫీసు వరండాలో కూచుని ఆ వాన చూస్తూ చిన్నపిల్లవాడిలా పొంగిపోయాను. మరునాడు ఎనిమిదిన్నర దాకా ఆగడం కష్టమైంది. కొలగాజు నిండి మళ్ళీ పోయాల్సి వచ్చింది. రిజిస్టరులో ఆ అంకె పెద్దగా రాశాను.

మూడో రోజు ఒక ఆడమనిషి వచ్చింది. మా అమ్మ వయసు ఉంటుంది. తూర్పున గూడూరు వైపు పోయే దారిలో ఊరికి రెండు మైళ్ళ అవతల ఆమెకు నాలుగెకరాల నల్లరేగడి. భర్త పోయాక మరిదితో కలిసి తానే సేద్యం చేస్తోంది. కొర్ర, పత్తి కలిపి వేసిందట, ఎండిపోతోందట. ఈ ఏడు కరువు జాబితాలో మన ఊరు ఉండకపోవచ్చు, వాన బాగా పడిందని పైవాళ్ళకు రాసి పంపారు అని వాళ్ళ కరణం చెప్పాడట. రాసింది ఎవరని అడుక్కుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీ డబ్బా మీద పడింది సారూ వాన. నా చేని మీద పడ్లేదు. అన్ని ఊర్లకీ పడిందని ఏంటికి రాసినావు?"

నేను ఓపికగా చెప్పాను. డబ్బాలో ఎంత పడితే అంత రాయడమే నా పని, ఈ చుట్టుపక్కలకంతా ఒకటే డబ్బా. ఆమె విన్నది. మళ్ళీ అదే మాట అన్నది. ఇంకోసారి చెప్పాను. రెండు మైళ్ళ దూరంలో వాన పడకుండా ఎట్లా ఉంటుంది, ఎంతో కొంత పడే ఉంటుంది అన్నాను. అది నేను అనకూడని మాట. ఆమె లేచి, వచ్చి చూసి మాట్లాడమంది. ప్యూను, పోయి రాప్పా, లేకుంటే ఆమె ఈడనే కూచుంటాది అన్నాడు. ఆమెను వదిలించుకోవడానికే బయలుదేరాను. చెప్పులు కొత్తవి.

ఊరు దాటాక దారంతా బురద. రేగడి బురద చెప్పులకు అంటుకుంటే వదలదు. నాలుగడుగులు వేసేసరికి ఒక్కో కాలు ఒక్కో ఇటుకంత బరువైంది. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడుస్తోంది. నేను తిట్టుకుంటూ వెనక. ఒక మైలు నడిచాక చిన్న కల్వర్టు వచ్చింది. దాని పక్కన నల్లతుమ్మ. ఆమె అక్కడ ఆగి, నన్ను నేల చూడమంది.

కల్వర్టుకు ఇవతల నేల తడిసి నల్లగా ఉంది. అవతల దుమ్ము. మధ్యలో ఒక ఇరవై అడుగుల మేర దుమ్ములో విడివిడిగా చినుకుల గుంటలు, మశూచి మచ్చల్లా. ఆ పైన అవి కూడా లేవు. తుమ్మ మానుకు ఊరి వైపు బెరడు మీద దుమ్ము కడుక్కుపోయి ముదురు రంగులో ఉంది, రెండో వైపు ఇంకా దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. వాన ఇక్కడిదాకా వచ్చి, ఇక చాలనుకుని వెనక్కి తిరిగిపోయింది. అన్ని నెలలు వాన లెక్క రాసినవాణ్ణి, వానకు అంచు ఉంటుందని, దాని మీద కాలు పెట్టి నిలబడవచ్చని నాకు తెలియదు.

ఆమె చేను చూశాను. కొర్ర కంకి వేయకుండానే తెల్లబడింది. నేల నెర్రెలు విచ్చింది. ఆమె కూచుని ఒక నెర్రెలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూపించింది.

"సూసినావు కదా. పోయి కొట్టేసి రాయి."

కొట్టేసి రాయడానికి లేదు. ఆఫీసరుతో చెప్పాను. వాన కల్వర్టు దగ్గర ఆగిందని ఒక కాగితం కూడా రాసి ఇచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం రెండుసార్లు చదివాడు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఇక్కడ డబ్బా ఒకటే ఉంది" అన్నాడు. కాగితం ఫైలులో పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది. జాబితాలో వాళ్ళ ఊరు రాలేదు.

ఆ కబురు చెప్పడానికి నేనే పోయాను. ఎవరూ పొమ్మనలేదు. ఆమె తిడుతుందని తెలుసు, తిట్టింది కూడా. తిట్టి, చేతికి పార ఇచ్చి, గట్టు తెగిన చోట నాలుగు పారల మట్టి వేయమంది. వేశాను. మరుసటి ఆదివారం ఒక వెడల్పు మూతి సీసా, ఒక గరాటు తీసుకుపోయి ఆమె చేని గట్టు మీద పాతాను. దీనికి లెక్క లేదు, ఎవరూ ఒప్పుకోరు అని ముందే చెప్పాను. ఒప్పుకోనిదాన్ని ఏంటికి పాతుతాండావు అంది. ఏమో, నాకు మాత్రం తెలియాలి అన్నాను.

అప్పటినుంచి ఎనిమిదిన్నరకు ఆఫీసు డబ్బా చూసి, సెలవు రోజైతే అక్కడికి నడిచేవాణ్ణి. చినుకు పడినా పడకపోయినా పోయేవాణ్ణి. ఆ దారిలో ఎక్కడ ఎర్రనేల తగిలి మళ్ళీ నల్లనేల వస్తుందో కాలికి తెలిసింది. పూరేడు పిట్టలు ఏ కంది చేలోంచి లేస్తాయో, కాలవ గట్టు దగ్గర గాలి ఎందుకు చల్లబడుతుందో తెలిసింది. చదునని నేను విసుక్కున్న నేల చదును కాదు. వాన నీళ్ళు పారినప్పుడు చూస్తే దానికీ ఎత్తుపల్లాలున్నాయి, కొండలున్న ఊరివాడి కంటికి ఆనలేదంతే.

ఆమెకు నా సీసా అంటే లెక్కే లేదు. చిత్త కార్తెలో ఒకసారి జల్లు పడితే నేను పరుగెత్తి సీసా చూసి ఇంత పడిందని చెప్పాను. ఆమె మడమతో మట్టి తొలిచి, చేత్తో లోపలికి తవ్వి, తేమ ఆగిన చోట వేలు పెట్టింది.

"ఎంత పడిందని కాదప్పా. ఎంత దిగిందని సూడాల."

నాలుగు వేళ్ళ మేర కూడా దిగలేదు. దీనికి విత్తనం వేస్తే మొలక వచ్చి చస్తుందని చెప్పింది. వేరేవాళ్ళు ఆగలేక జొన్న వేశారు, అది ఆమె చెప్పినట్టే అయింది. ఆమె ఆ ఏడు ఏమీ వేయలేదు. కాలవ కింద కూలికి పోయింది. నన్ను చూస్తే మాత్రం, సీసా సారు వచ్చినాడు అని పక్క చేని వాళ్ళకు వినబడేలా అనేది. నాకు కోపం వచ్చేది. ఆఫీసులో డబ్బా సారు, ఇక్కడ సీసా సారు.

మరుసటి ఏడు సెప్టెంబరులో నాకు ఆదోనికి బదిలీ వచ్చింది. అంతకుముందు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. ఇప్పుడు వస్తే సంతోషం కాకపోగా చిరాకేసింది. ఆ ఏడు కూడా ముందు వానలు దగా చేశాయి, హస్త కార్తె ఇంకా రాలేదు. నా స్థానంలో వచ్చేవాడికి పని చూపించాలన్న నెపంతో పది రోజులు గడువు అడిగాను. మా అమ్మ కబురు మీద కబురు పంపింది, నీకేమైనా పిచ్చా అని. కొత్తగా వచ్చినవాడు రెండు నిమిషాల్లో పని నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి ఏముంది అందులో.

ఏడో రోజు మధ్యాహ్నం దాటాక తూర్పున ఉరుములు. ఆఫీసు దగ్గర ఒక్క చుక్క లేదు. కానీ గూడూరు దారి వైపు ఆకాశం నేలను అంటింది. మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా చూశాను, ఖాళీ. సున్నా రాసి సంతకం పెట్టాను. తర్వాత గూడూరు దారి పట్టి నడిచాను. ఈసారి కల్వర్టు అవతలే బురద. సీసా నిండి పొర్లిపోయింది, ఎంత పడిందో చెప్పడానికి లేదు. ఆమె మరిది ఎద్దులు కడుతున్నాడు. ఆమె చేనులో కూచుని చెయ్యి దింపి చూస్తోంది. మోచెయ్యి దాకా తేమ దిగింది. సెనగ వేస్తానంది. నేను పోతున్నానని చెప్పాను. మంచిది, ఆ సీసా విత్తనాల గొర్రు తిప్పేదానికి అడ్డం, తీసుకుపో అంది. కాసేపటికి, ఒట్టి కడుపుతో పోవద్దని రొట్టె, చెనిక్కాయల పొడి పెట్టింది. పంట బాగానే వచ్చిందని తర్వాత ప్యూను చెప్పాడు.

మూడు రోజుల తర్వాత, ఇక బయలుదేరే పొద్దున కూడా అటు ఒక చుట్టు నడిచి వచ్చి బస్సెక్కాను. కండక్టరు నా కాళ్ళు చూసి మండిపడ్డాడు. బస్సంతా రేగడి చేస్తున్నావు, దిగి గీక్కుని ఎక్కు అన్నాడు. ఫుట్‌బోర్డు మీద కూచుని పుల్లతో గీకుతుంటే, ఇంత బురద ఎక్కడిది, వాన ఎక్కడ పడింది అని అడిగాడు. కల్వర్టు నుంచి తూర్పుకు, ఎర్రమట్టి మిట్ట దాకా, దానికి ఉత్తరంగా లేదు అని చెప్పాను. వెనక సీట్లో ఒకాయన లేచి, ఉత్తరంగా లేదని ఎవరు చెప్పారు, మా చేను అక్కడే, మోకాటి దాకా తడిసింది అన్నాడు. మీ చేను ఏ గట్టు పక్కన అని అడిగాను. ఇంకొకాయన ఇద్దరిదీ తప్పన్నాడు. ఆదోని మిల్లుల పొగగొట్టాలు కనబడేవరకు ఆ తగువు తెగలేదు.