కొల్లేరులో మా పడవలోకి నీళ్లొచ్చిన రోజు

పెళ్లయిన కొత్తలో, కొల్లేరు లంకలో జబ్బుపడిన ఒకావిడ కోసం ప్రార్థన చేయడానికి మా అత్తగారితో పడవలో బయలుదేరాను. సగం దూరం వెళ్లేసరికి గాలివాన పట్టుకుంది. పడవలోకి నీళ్లొచ్చేస్తున్నాయి. నాకు ఈత రాదు.

"అత్తయ్యగారూ, చచ్చిపోతామండీ!" అని ఏడ్చేశాను.

ఆవిడ మేం తెచ్చుకున్న క్యారియర్‌లోని అన్నం పారబోసి, ఒక గిన్నె నా చేతిలో పెట్టి, ఇంకోటి తను తీసుకున్నారు. "పోతే ప్రభువు దగ్గరికే కదమ్మా, భయమెందుకు? ఉన్నంతసేపూ ఆయనిచ్చిన పని చేద్దాం. ముందు నీళ్లు తోడు."

చేతులు పడిపోయేదాకా ఇద్దరం తోడాం. పడవతను ఎలాగో లంక ఒడ్డుకు చేర్చాడు.

"ఇంటికెళ్లిపోదామండీ" అన్నాను.

"పాపం, ఆవిడ ఎదురుచూస్తుంటుందమ్మా" అంటూ తడిచీరతోనే ముందుకు నడిచారు.

పరలోకం మీద అంత ఆశ ఉన్న మనిషి, ఈ లోకంలో అంత గట్టిగా నీళ్లు తోడటం చూశాక నాకు చావంటే బెదురు పోయింది. ఇప్పుడు లంకల్లో ప్రార్థనలకు నేనే వెళుతున్నాను.

— సుగుణ, పెదపాడు