జంట చక్రాల డాక్టరు

అరిజోనా ఎడారిలో చలికాలం గడపడానికి మోటర్‌హోములనే ఇంటిబళ్లు వేసుకొచ్చే ముసలివాళ్ల మధ్య వెర్లిన్ స్టాకీకి డాక్టరని పేరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన మినెసోటాలో ఒక బడిని వెచ్చబెట్టే బాయిలర్ చూసుకున్నాడు. డాక్టర్ పట్టా ఈ బళ్లు నిలిపే పార్కువారే ప్రసాదించారు, వెనక జంట చక్రాల గాలి శాస్త్రంలో.

ఈ బళ్లకు వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు. బయటిది నలుగురికీ కనిపిస్తుంది, లోపలిది దాని చాటున బరువు మోస్తుంది. రెండిటిలో గాలి సమానంగా లేకపోతే భారమంతా ఒకదాని మీదే పడుతుంది. వెర్లిన్ బండి కింద చాప వేసుకుని పడుకుని, గాలి కొలిచే పొడుగు మెడ గేజీతో ఆ లోపలిదాని నాడి చూసేవాడు. ఎండ పొడ తగలకముందే చూడాలన్నది ఆయన శాసనం. ఎండకు వేడెక్కిన టైరు లేని గాలి ఉన్నట్టు చూపిస్తుంది. ఈ శాసనం వినని మనిషి పార్కులో లేడు. రెండుసార్లు విన్నవాళ్లు చాలామంది.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున అందరూ పాన్‌కేకులు తింటుండగా ఇడెల్లా పరుగున వచ్చింది. భర్త పోయాక బండి తనే నడుపుకుంటున్న మనిషి.

"డాక్టరూ, ఫ్లాగ్‌స్టాఫ్ ఆసుపత్రిలో అక్కకి ఈ రోజు గడవడం కష్టమంటున్నారు. చక్రాలొకసారి చూడవూ, వెంటనే బయల్దేరతా."

"నువ్వు సామాను సర్దుకో, ఈ కథ ముగించి వస్తా." కిందటేడు ఎవరిదో బండిని ప్రమాదం నుంచి కాపాడిన కథ అది.

"వెళ్లవయ్యా బాబూ, నిన్నా విన్నాం, రేపూ వింటాం," అన్నాడు పక్కనున్న గస్.

అయినా కథ అరగంట నడిచింది. వెర్లిన్ వెళ్లేసరికి ఎండ పడి బయటి చక్రం వేడెక్కింది. గేజీలో బయటిది ఎనభై ఎనిమిది పౌండ్లు, లోపలిది ఎనభై. ఆయన బయటిదాంట్లోంచి ఎనిమిది పౌండ్ల గాలి తీసేసి, "ఇప్పుడివి కవలపిల్లలు," అన్నాడు. తన శాసనం తనకే గుర్తు రాలేదు. అది పరులకు చెప్పేది కదా.

ఫ్లాగ్‌స్టాఫ్ దారిలో కొండ ఎక్కుతుండగా, భారమంతా మీద పడ్డ లోపలి టైరు పేలింది. మధ్యాహ్నానికి చేరాల్సిన ఇడెల్లా సాయంత్రానికి చేరింది. అక్క అప్పటికే పోయింది.

పేలింది ఎండ పక్క లోపలి చక్రమని తెలిసిన రోజు నుంచి వెర్లిన్‌కు తిండి సయించలేదు. పది రోజులకు ఆమె తిరిగి రాగానే వెళ్లి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నీ తప్పేముంది, పాత టైరు," అంది ఆమె. "నువ్వు చూడబట్టే కొండదాకా అయినా వెళ్లగలిగాను."

ఈ కృతజ్ఞత భరించడం ఆయన వల్ల కాలేదు. అరగంట సంగతి, ఎండ సంగతి, ఎనిమిది పౌండ్ల సంగతి మొత్తం చెప్పేశాడు.

ఆమె తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది.

"రెండున్నరదాకా తెలివితోనే ఉందట," అంది. "ఇడెల్లా వచ్చిందా అని నర్సుని అడుగుతూనే ఉందట."

 

"రేపు నేను వేరే పార్కుకి మారిపోతున్నా," అని ఆమె తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసుకుంది.