బోర్లించని గిన్నెలు

పెళ్ళయి ఎన్నో ఏళ్ళు గడిచినా నాకు బిడ్డ కలగలేదు, సహోదరులారా, సహోదరీలారా, ఆ రోజుల సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. ఇక్కడ ఫిజీలో, ద్రాసా అనే ఊళ్ళో మా తాతగారి చెరకు పొలం ఒకప్పుడు రోడ్డుకు రెండువైపులా ఉండేది, కోతకాలంలో మా వరండాలో కూర్చుని టీ తాగకుండా ఏ పాస్టరుగారూ ముందుకు వెళ్ళేవారు కాదు. లీజు గడువు తీరింది, భూమి దాని యజమానులకు వెళ్ళింది, ఇంటి రేకులూ చెక్కలూ విప్పి లారీలో వేసుకుని లౌటోకా పట్నానికి వచ్చేశాం. మేము ఎవరిముందూ కంటతడి పెట్టలేదు. తాతగారి తర్వాత నాన్నగారు, నాన్నగారి తర్వాత మిగిలింది నేనొక్కదాన్నే. నాకు బిడ్డ లేకపోతే ఆ ఇంటి కథ నాతో సరి, తాతగారు ఆ వరండాలో నాకు దిద్దబెట్టిన ఈ తెలుగు అక్షరాలు కూడా నాతో సరి.

క్లినిక్కులో నర్సు పరీక్ష కాగితం చూసి, "బచ్చాదానీ ఉల్టా హై" అంది. పక్కనే ఉన్న మా అత్తయ్య ఆ హిందీ మాటను వెంటనే మన భాషలోకి తిప్పేసింది. "అయ్యో ప్రభువా, కోడలి గర్భసంచి బోర్లా పడిందట!" బోర్లించిన కుండలో నీళ్ళెలా నిలుస్తాయి? ఆ రోజునుంచి అత్తయ్య కడిగిన గిన్నెలను బోర్లించడం మానేసింది! అన్నం గిన్నె, టీ గిన్నె, నీళ్ళ బకెట్టు, అన్నీ నోళ్ళు తెరుచుకుని వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉండేవి, వాన పడితే నిండిపోయేవి, దోమలు పెరిగేవి, మేము మళ్ళీ కడిగేవాళ్ళం. పక్కనున్న కోరోలోని, అంటే ఫిజియన్ల పల్లెలోని, పెద్దావిడ కొబ్బరినూనెతో పొట్ట మర్దనా చేసింది, సంఘంలో అక్కలు గోడకు కాళ్ళు ఆనించి పడుకోమన్నారు. అన్నీ చేశాను. ప్రతి ఉదయం నా ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, బోర్లాపడిన దీన్ని నిలబెట్టు."

నెలనెలా వచ్చే నొప్పి మాత్రం ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో నొప్పి చెప్పుకునే అలవాటు లేదు. ఒక ఆదివారం పాట మధ్యలో నిలబడలేక బెంచీ పట్టుకుని కిందికి జారిపోయాను, మిల్లులో పనిచేసే మా ఆయన, అత్తయ్య కలిసి నన్ను టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మా కథంతా విని ఆశ్చర్యపోయింది.

"ఉల్టా కౌన్ బోలిస్? ఉల్టా నహీ హై, ఖాలీ పీఛే ఝుకా హై," అని, బోర్లా పడలేదు, వెనక్కి వాలిందంతే అన్నట్టు తన అరచేతిని కొంచెం వెనక్కి వాల్చి చూపించింది. చాలామంది ఆడవాళ్ళకు అలాగే ఉంటుందట, అది జబ్బు కాదట, అదొక్కటే బిడ్డను ఆపదట! చూడాల్సింది ఆ నొప్పిని, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని కోప్పడింది.

అత్తయ్య నా వైపు తిరిగి, "ఝుకా అంటే వంగిందనే కదా? పోనీలే అమ్మాయ్, మీ వంశం మొత్తంలో వంగింది అదొక్కటే!" అంది. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. తెలుగు రాని డాక్టరమ్మ కూడా మమ్మల్ని చూసి నవ్వింది.

గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగి లోపలి భాగాలను అతికించేస్తోందని తేలింది, రాజధాని సువాలో ఆపరేషన్ అన్నారు. వెళ్ళేముందు ఆదివారం పాస్టరుగారు పిలిస్తే సంఘం ముందు నిటారుగా నిలబడి తెలుగులోనే ప్రార్థించాను. "ప్రభువా, నీ చేతిపనిని తప్పనుకుని దాన్ని సరిచేయమని నిన్నే అడిగాను. వాలినది వాలినట్టే ఉండనీ. నొప్పి తీసెయ్యి. బిడ్డనిస్తే ఈ భాషలోనే నీకు ప్రార్థన నేర్పిస్తాను. ఇవ్వకపోయినా ఈ బెంచీమీదే కూర్చుంటాను." తెలుగు రాని చిన్నవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు!

ఆపరేషన్ బాగా జరిగింది, నొప్పి తగ్గింది, మరుసటి చెరకు కోత మొదలయ్యేసరికి నేను గర్భవతిని! నాలుగో నెల స్కాన్‌లో డాక్టరమ్మ తెర వైపు చూపించి, "దేఖో, ఖడా హోయ్ గయిస్," అంది. బిడ్డ పెరిగేకొద్దీ గర్భసంచి దానంతటదే పైకి లేచిందట, మామూలుగా అలాగే జరుగుతుందట. చూడండి సహోదరులారా, అది నిలబడితే బిడ్డ వస్తుందని మేము ఏడ్చాం, బిడ్డ వచ్చి దాన్ని నిలబెట్టింది! దేవునికే మహిమ!

ఆడపిల్ల పుట్టింది. కాన్పు తర్వాత గర్భసంచి మళ్ళీ వెనక్కే వాలింది, వాలనీ. మేము ఆసుపత్రినుంచి ఇల్లు చేరేసరికి వెనక గుమ్మం దగ్గర గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి.

బిడ్డకోసం ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్ళారా, ఎవరో అన్న ఒక్క మాట పట్టుకుని కుంగిపోకండి. నొప్పి ఉంటే ప్రభువుకు చెప్పండి, డాక్టరుకూ చెప్పండి, ఆయన ఆ చేతులతోనూ పనిచేస్తాడు. ఆయన బిడ్డనిచ్చినా ఇవ్వకపోయినా మిమ్మల్ని విడిచిపెట్టడు, నమ్మండి. ఈ సాక్ష్యానికి పేరు నేను చెబితే పైన రాసింది నా కూతురే. 'ర్ల' దగ్గర కాసేపు ఆగింది, రెండుసార్లు చెరిపింది, చివరికి సరిగ్గానే రాసింది.