చిన్నమ్మ వేలి కొసన నిప్పురవ్వ

మా చిన్నమ్మ కాలం చేసిందన్న కబురు మొదట నాకు తెచ్చింది మా మరదలు. జనగామ నుంచి ఫోన్ వచ్చిందని చెబుతూ, అప్పుడే స్వెటర్ విప్పిన చేత్తో నన్ను ఓదార్చబోతే ఇద్దరికీ చిటుక్కుమని తగిలింది. ఆ చిన్న చప్పుడు నన్ను నర్మెట్ట దగ్గరి మా ఊరికి, నా తొమ్మిదో ఏటికి లాక్కుపోయింది.

తెలంగాణ గొడవల్లో బడులు మూతబడిన ఏడాది నన్ను ఇంట్లోనే ఉంచేసి, ఆ తర్వాత మళ్లీ పంపనేలేదు. నాకు నాలుగు అక్షరాలు వచ్చాయంటే అది దేవుడి దయ, నన్ను కన్న బాపు ఓపిక. మరుసటి చలికాలం మా బాబాయి పెళ్లి చేసుకుని చిన్నమ్మను తెచ్చాడు. అందరం నూలు బట్టలు కట్టే ఇంట్లో, వాళ్లన్న కొనిపెట్టిన టెరిలిన్ చీర ఆమెకు ప్రాణం. చీకటితోనే లేచి దానిమీద గొంగడి కప్పుకుని నులకమంచం మీద కూర్చునేది. ఒకరోజు గొంగడి తీసేసి, నేల మీద నిలబడ్డ నా బుగ్గ నిమరబోయింది. ఆమె వేలి కొస నుంచి నీలం రవ్వ ఒకటి నా మీదికి దూకింది.

ఏడుస్తూ పోయి నాయనమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో.

చేతబడిని మా వైపు బాణామతి అంటారు, ఆ మాటను గట్టిగా పలకరు. నాయనమ్మా పలకలేదు. పాలకుండను చిన్నమ్మకు అందకుండా జరిపింది, దేవుడి అర్రలోకి రావద్దంది, మా తమ్ముణ్ని ఎత్తుకోనివ్వలేదు. నేనూ తలుపు సందులోంచి ఆమె చేతులనే కనిపెట్టి చూశాను. పాపం, ఆమె కూడా తనలో తనకే తెలియనిది ఏముందోనని ఆ చేతులను దీపం ముందు తిప్పి తిప్పి చూసుకునేది. చివరికి శనివారం ఆమెను పుట్టింటికి తోలాలని నాయనమ్మ తీర్మానించింది. అట్లా పోయిన కోడలు తిరిగి రావడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

బాపు వాదించలేదు. నూనె లేని నా జుట్టు దువ్వి, దువ్వెనను కాగితపు ముక్కల మీద పట్టాడు. అవి ఎగిరి అతుక్కున్నాయి. రెండు వస్తువులు రుద్దుకుంటే ఒకదానిలోని కంటికి కనబడని విద్యుత్ కణాలు కొన్ని రెండోదానిలోకి పోతాయనీ, ఎండుగాలిలో ఆ విద్యుత్తు అక్కడే నిలిచి దారి దొరకగానే దూకుతుందనీ, కాళ్లు తడినేల మీద ఉంటే చప్పుడు లేకుండా మట్టిలోకి దిగిపోతుందనీ, అందుకే మంచం మీదున్నప్పుడే ఇట్లా అవుతుందనీ చెప్పాడు.

“దువ్వెన ముచ్చట నాకెందుకురా? మనిషి చేతిల నిప్పు పుడ్తదా?” అంది నాయనమ్మ.

“అయితె నువ్వే జూడు అవ్వా. గా చీర మీదేసుకోని, గొంగడి కప్పుకోని జర మంచమెక్కు.”

గొణుక్కుంటూనే ఎక్కింది. కాసేపయ్యాక బాపు గొంగడిని సర్రున లాగి, ఆమె ముందు ఇత్తడి బిందె పెట్టాడు. వేలు పెట్టిందో లేదో, చిటుక్కుమంది.

“ఓయవ్వో! ఇగ నన్ను గూడ పుట్టింటికి తోల్తవారా?”

తలుపు చాటున చిన్నమ్మ ఏడుస్తూనే నవ్వింది. ప్రయాణం ఆగిపోయింది.

అనుమానం మాత్రం అంత తొందరగా పోలేదు; పాలకుండ మళ్లీ తన చోటికి రావడానికి ఉగాది దాకా పట్టింది. చిన్నమ్మ ఆ చీర మళ్లీ కట్టలేదు. బతికినన్నాళ్లూ ఏ పిల్లను ముట్టుకోవాలన్నా ముందు వంగి నేలను తాకేది. చూసినవాళ్లు భూదేవికి మొక్కుతుందనుకున్నారు. ఎందుకో నాకు తెలుసు.

ఇప్పటి పిల్లలు చిటుక్కుమంటే నవ్వుకుని పోతారు, ఎవరి చేతినీ అనుమానించరు. దేవుడికి వేయి దండాలు. నా తప్పు ఒప్పుకుందామంటే మాత్రం ఇక ఆమె లేదు. ఈ చలికాలం మీ వేలికి ఎప్పుడైనా అట్లా తగిలితే, నేలను తాకి గాని మమ్మల్ని తాకని మా చిన్నమ్మను ఒక్కసారి తలుచుకోండి.