పులుసత్త గిన్నె, నా చీమల సుద్ద

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఎవరు ఎవరికి ఏ విషం పెట్టినా అది నా కళ్ళుగప్పి పోలేదని నాకు గట్టి నమ్మకం. ఆధారం పెద్దగా ఏమీ లేదు, అప్పటికి మూడు వారాల కిందట నన్ను ఫోరెన్సిక్ ల్యాబులో విషపరీక్షల విభాగానికి ఇన్‌ఛార్జిని చేశారంతే. ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా నాన్న, కూతురు ఆఫీసరైందని బంధువులందరికీ ఫోన్లు చేశాడు గానీ ఏం ఆఫీసరో చెప్పడానికి కాస్త ఇబ్బంది పడ్డాడు. "విషాలు చూస్తుంది" అంటే అవతలివాళ్ళు వెంటనే మాట మార్చేసేవారట. నాకు మాత్రం గర్వంగానే ఉండేది. తెల్లకోటుకు గంజి పెట్టించి, అది ఒంటి మీద అట్టలా నిలబడుతుంటే ల్యాబంతా తిరిగేదాన్ని.

మా విభాగంలో నా వయసంత సర్వీసున్న సీనియర్ అసిస్టెంటు ఒకాయన ఉండేవాడు. యారాడ మనిషి, చేపల వేటకు వెళ్ళే కుటుంబం. డ్రైవరు నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆయన్ని "బావ" అనే పిలిచేవారు. నేను అలా పిలవలేను కదా (మా ఆయన ఊరుకున్నా మా అమ్మ ఊరుకోదు), అందుకని "సీనియర్ గారూ" అనేదాన్ని. చార్జి తీసుకున్న రోజే నా కన్ను ల్యాబులోని చీమల మీద పడింది. నా హయాంలో ఇలాంటివి సాగవని తీర్మానించుకుని, కిరాణా కొట్టులో అరడజను చీమల సుద్దలు కొని, చున్నీ నడుముకు బిగించి, బల్లల చుట్టూ, గాజు సామాను ఆరబెట్టే అరల వెంట తెల్లటి గీతలు గీశాను.

సీనియర్ గారు గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏటి మేడమ్, ముగ్గేత్తన్నారా?"

"చీమలకండీ."

"మందు ఎతికీ సోట మందెందుకు మేడమ్?"

"ఇది చీమల మందు. మనం వెతికేది మనుషుల మందు" అన్నాను హుందాగా. ఆయన గీత తొక్కకుండా పెద్ద అంగ వేసి దాటి వెళ్ళిపోయాడు. (ఆయన అలా దాటి వెళ్ళిపోవడమంటే ఏమిటో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.)

ఆ గీతలింకా చెరగకముందే ఫిషింగ్ హార్బర్ నుంచి పులుసు వచ్చింది. ఒక బోటులో పనిచేసే ఐదుగురు మధ్యాహ్నం అన్నం తిన్న అరగంటకే వాంతులు, ఒళ్ళంతా మంటలు అంటూ ఆసుపత్రిలో చేరారు. వాళ్ళు తిన్నది హార్బర్‌లో బోటు మనుషులకు వండిపెట్టే ఒక పెద్దావిడ చేతి చేపల పులుసు. ఆవిడ పేరేమిటో ఎవరికీ గుర్తులేదు, పులుసత్త అంటే చాలు. చేపలు మాత్రం ఆవిడవి కావు, ఆ బోటువాళ్ళే తమ బోటు మీంచి కానాగంతలు తెచ్చి ఇచ్చి వండించుకున్నారు. బోటు యజమానికీ ఆవిడకీ చాలాకాలంగా పడదు. తన బోటు కట్టేసే చోటు ముందు పొయ్యి పెట్టొద్దని ఆయన, తీయనని ఆవిడ. ఆ కోపంతో పులుసులో మందు కలిపిందని ఆయన ఫిర్యాదు ఇచ్చాడు. గిన్నెలో మిగిలిన పులుసును రెండు సీసాల్లో పోసి, సీలు వేసి పోలీసులు మాకు పంపారు. ఎస్సై గారు రోజుకు రెండుసార్లు ఫోను. "మీ కాగితం ఒక్కటి వస్తే చాలు మేడమ్, ముసలావిడను లోపల వేసేస్తాం."

ఆ ముసలావిడ పొద్దున్నే వచ్చి మా గేటు దగ్గర కూర్చునేది. కేసులో ఉన్నవాళ్ళతో నేను మాట్లాడకూడదు, తల తిప్పుకుని లోపలికి వెళ్ళేదాన్ని. వాచ్‌మన్‌తో ఆవిడ అంటున్నది మాత్రం వినబడేది. "నలభై ఏళ్ళ బట్టి వండుతన్నాను నాయినా. ఒక్కలికీ కడుపునొప్పి రాలేదు. నా పులుసులో ఏటుందో బేగి సెప్పీమను, ఇంటికెళ్ళిపోతాను."

పరీక్ష మొదలుపెట్టాను. పులుసు నుంచి తీసిన సారాన్ని గాజుపలక మీద చుక్కగా పెట్టి ద్రావకంలో నిలబెడితే, మందేదైనా ఉంటే మచ్చగా పైకి ఎక్కుతుంది. ఎక్కింది! పురుగుమందు మచ్చ, చక్కగా, గుండ్రంగా. నా ఇన్‌ఛార్జి జీవితంలో మొదటి పెద్ద కేసు మొదటి పలకలోనే తేలిపోయింది. అక్కడికక్కడే రిపోర్టు చిత్తుప్రతి రాసేశాను. సీనియర్ గారు పలకను వెలుతురుకు ఎత్తి చూసి, "ఉత్తది ఎక్కించలేదేటి మేడమ్?" అన్నాడు. ఉత్తది అంటే ఏ నమూనా కలపని శుభ్రమైన నీళ్ళు. పోల్చుకోవడానికి ప్రతిసారీ దాన్నీ పెట్టాలి. సంబరంలో నేను మర్చిపోయాను. ఉక్రోషం వచ్చింది గానీ, పెట్టాను.

ఆ నీళ్ళలోనూ అదే మచ్చ.

కొత్త నీళ్ళు తెచ్చాను, వాటిలోనూ ఉంది. విప్పని పొట్లంలోంచి దూది తీసి చూస్తే అందులోనూ ఉంది. పట్టుదల హద్దు దాటి సీనియర్ గారి పెరుగన్నం ఒక చెంచా అడిగి తీసుకుని పరీక్షించాను, అందులోనూ ఉంది. "నాను పొద్దున్న కూడా ఇదే తిన్నాను మేడమ్" అన్నాడాయన తన చేతి నాడి తానే పట్టుకుని చూసుకుంటూ. నా పలకల ప్రకారం ఆ సాయంత్రానికి మా ల్యాబులో విషం తగలని పదార్థం ఒక్కటీ లేదు. అప్పుడు గాజు సామాను అర మీద చేయి ఆనించి నిలబడ్డాను. చేయి తీసి చూసుకుంటే అరచేతి నిండా తెల్లటి పొడి, నా చీమల సుద్దది. అదీ పురుగుమందే.

ఆ చిత్తుప్రతి పోలీసులకు వెళ్ళి ఉంటే, గేటు దగ్గర కూర్చున్న మనిషి నేను గీసిన ముగ్గు కోసం జైలుకు వెళ్ళేది.

తర్వాతి నాలుగు రోజులు నేను ఇన్‌ఛార్జిని కాను, పనిమనిషిని. మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో నేల, అరలు, బల్లల కాళ్ళు తోమాను. గాజు సామాను ముమ్మారు కడిగాను. మొదటి రోజే గంజి కోటు నీరుగారిపోయింది. డైరెక్టరు గారు అటుగా వచ్చి, "మనుషులున్నారు కదమ్మా" అన్నారు. "గీసింది నేనండీ" అన్నాను. సీలు తీయని రెండో సీసా పులుసును వేరే గదిలో, కొత్త సామానుతో, ఉత్తదాన్ని పక్కనే పెట్టి మూడుసార్లు పరీక్షించాను. మచ్చ లేదు. పులుసులో పురుగుమందు లేదు.

అక్కడితో వదిలేయవచ్చు. కానీ ఎస్సై గారు, "అయితే మీకు దొరకని మందేదో పెట్టి ఉంటుంది లెండి" అన్నారు. దాంతో నాకు పంతం వచ్చింది. ఐదుగురి ఆసుపత్రి కాగితాలు తెప్పించి సీనియర్ గారికి పైకి చదివాను: మొహం ఎర్రబడటం, దురద, నాలుక మంట, మర్నాటికి తగ్గుముఖం.

"ఇది మందు కాదు మేడమ్" అన్నాడు ఆయన వెంటనే. "కానాగంత ఐసు లేకుండా ఎండలో ఉండిపోతే ఇలగే అవుతాది. ఎంత ఉడకెట్టినా పోదు. నాలిక సురసురమంటే ఒగ్గీమని మా అయ్య సెప్పీవోడు."

వాళ్ళ అయ్య చెప్పినదానికి మా పుస్తకాల్లో పేరుంది, హిస్టమిన్ అని. చేప చెడిపోయేటప్పుడు పుడుతుంది. వెతికితే పులుసులో బోలెడంత దొరికింది. తర్వాత పోలీసులు విచారిస్తే, ఆ వారం ఐసు ఫ్యాక్టరీలో యంత్రం చెడిపోయిందనీ, ఫిర్యాదు ఇచ్చిన యజమానే ఐసు చాలకుండా బోటు పంపాడనీ బయటపడింది.

నా రిపోర్టులో, మొదటి పరీక్ష ఎందుకు చెల్లదో ఒక పేరా రాశాను. చీమల సుద్దతో సహా. డైరెక్టరు గారు రెండుసార్లు చదివి, "ఇది రాయాలంటావా అమ్మా? ప్రమోషనొచ్చి నెల కాలేదు" అన్నారు.

"రాయాలండీ."

ఆయన పేరా కింద వేలు పెట్టి మూడోసారి చదివి, సంతకం చేశారు. ఆ తర్వాత ఆయన రిటైరయ్యేదాకా నేను ఎదురుపడ్డప్పుడల్లా "చీమలు కులాసానా?" అని అడిగేవారు.

కేసు మూసేశాక కొన్నాళ్ళకు, రొయ్యలు కొనడానికి ఒక ఆదివారం సీనియర్ గారితో కలిసి హార్బర్‌కు వెళ్ళాను. పులుసత్త పాత చోటులోనే, అదే పొయ్యి ముందు ఉంది. సీనియర్ గారు నన్ను చూపించి ఏదో చెప్పగానే లేచి వచ్చి, నా చేయి పట్టుకుని లాక్కెళ్ళి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టింది.

"గేటుకాడ మొకం తిప్పుకుని ఎల్లిపోయీదానివి నువ్వే గదా?"

"నేనే అత్తా. మాట్లాడకూడదు, రూలు."

"అన్నాళ్ళు నా పులుసు నీకాడెట్టుకున్నావంట. రుసి సూసేవేటి?"

"లేదత్తా."

"రుసి సూడకుండా మరేటి పరీచ్చ సేసేవు తల్లీ!" అని చుట్టూ ఉన్న బోటు మనుషులందరికీ వినబడేలా నవ్వి, కంచంలో వేడన్నం పెట్టి పులుసు పోసింది. ఉద్యోగ ధర్మం కొద్దీ మొదటి ముద్ద దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆవిడ చూసేసింది. "ఐసులోదే, తిను" అంది. తిన్నాను. కారానికి కళ్ళవెంట నీళ్ళు కారాయి, కారానికే అని అందరికీ చెప్పాను.

ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది ఉన్నారు. గాజుపలకల పని యంత్రాలు చేస్తున్నాయి, నేను కుర్చీలోంచి లేవకుండానే అంకెలు తెర మీదకు వస్తాయి. మోకాళ్ళ మీద కూర్చోమంటే ఇప్పుడు డాక్టరు ఒప్పుకోడు. ఒక్కోసారి సంతకం పెట్టేముందు, చున్నీ బిగించి, జుట్టు చెదిరి, ఎవరు పిలిచినా పలకకుండా నేల తోముతున్న ఆ పొగరుబోతు పిల్ల గుర్తొస్తుంది. నాకు నవ్వొస్తుంది. ఆ పిల్ల మాత్రం తల ఎత్తి చూడదు, ఇంకా సగం నేల మిగిలే ఉంది.