రాతి దుమ్ము, వైఫై డబ్బా

ఆ మూడు వారాల్లో నేను తిట్టని మనిషి లేడు. ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆఫీసువాళ్ళను తిట్టాను, ఫోన్ చేస్తే పాట వినిపించి కూర్చోబెట్టే కస్టమర్ కేర్‌ను తిట్టాను, మా వీధి స్తంభానికి వేలాడే తీగల ముద్దను కూడా వదల్లేదు. తాండూరులో నాపరాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్ నడుపుతాను. మిషన్ల మోత మీద మాట్లాడీ మాట్లాడీ నా గొంతు మామూలుగానే పెద్దది. కోపమొస్తే రెండు వీధులకు వినబడుతుంది.

కోపం ఊరికే రాలేదు. అల్లుడు కర్ణాటకలో సిమెంటు ఫ్యాక్టరీ పనికి వెళ్ళినప్పటి నుంచి బిడ్డ, రెండేళ్ళ మనవరాలు మా దగ్గరే ఉంటున్నారు. చంటిదాన్ని వదిలి బయటికి పోనవసరం లేకుండా, కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలకు లెక్కలు చెప్పే పని బిడ్డ సంపాదించుకుంది. పాఠం మధ్యలో నెట్ ఆగిపోతోందని పిల్లల తల్లిదండ్రులు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. శుక్రవారం నాలుగు గంటల పాఠాన్ని పై మేడమ్ స్వయంగా చూస్తుందనీ, అప్పుడూ ఆగితే పని పోయినట్టేననీ కంపెనీవాళ్ళు చెప్పేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కస్టమర్ కేర్ అమ్మాయి వైఫై డబ్బా ఆపి మళ్ళీ వేయమంది. ఆపాను, వేశాను, పదిసార్లు. స్తంభం నుంచి ఇంటిదాకా వైరు మార్పించాను. చివరికి యూనిట్ వదిలేసి వికారాబాద్‌లో ఉన్న వాళ్ళ ఆఫీసుకే పోయి, "మా బిడ్డ నౌకరి పోతే మీరిస్తరా?" అని అరిచాను. వాళ్ళు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చారు. ఆ మర్యాదకు నాకు ఇంకా మండింది.

శుక్రవారం నాలుగుంబావుకు లైన్‌మన్ వచ్చాడు. పక్కనున్న యాలాల్ మనిషి, నా వయసువాడే, నెరిసిన గడ్డం. లోపలి గదిలో బిడ్డ పాఠం అప్పటికే మొదలైంది. భిన్నాలు చెబుతోంది, గొంతు హాయిగా సాగుతోంది. అతను వైరు పీకి పరీక్షిస్తే పాఠం ఆగుతుందని ముందు బయటి పెట్టె దగ్గరే చూశాడు.

"లైన్ మంచిగనే ఉంది సేట్. స్పీడ్ గూడ మస్తు ఒస్తుంది," అన్నాడు హాల్లోకి వచ్చి.

"మంచిగుంటే మూడు వారాల సంది మేమెందుకు పరేషానైతున్నం? నా బిడ్డకు పాఠం చెప్పరాక ఆపుతుందా?"

అరుస్తూనే గోడగూడు వైపు చూశాను. మా ఊళ్ళో రాతి దుమ్ము పడని వస్తువు ఉండదు. టీవీకి గుడ్డ, మిక్సీకి గుడ్డ, నీళ్ళ బిందెకు కూడా గుడ్డ. కొత్తగా కొన్న వైఫై డబ్బాను గూట్లో పెట్టి, చీమ దూరే సందు కూడా లేకుండా ఇనుప తలుపు చేయించింది నేనే. ఇప్పుడా తలుపు బార్లా తెరిచి ఉంది. ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ శుభ్రం పట్టదు కదా అనుకుంటూ, మాట ఆపకుండానే టప్పున మూశాను.

లోపల భిన్నాలు ఆగిపోయాయి. "హలో? మేడమ్, వినిపిస్తుందా? హలో?"

లైన్‌మన్ గూటి దగ్గరికి పోయి తలుపు తెరిచాడు. మా వైఫై సిగ్నల్ చూపించే తన ఫోన్ నా ముందు పెట్టి, మళ్ళీ మూసి చూపించాడు, మళ్ళీ తెరిచి చూపించాడు. "ఇనుపది గద సేట్, సిగ్నల్ ఎట్ల బయటికొస్తది?" అన్నాడు మెల్లగా. అప్పుడు కూడా నేను ఊరుకోలేదు, ఈ ముక్క మొదట్లోనే ఎందుకు చెప్పలేదని అతని మీదే విరుచుకుపడ్డాను. అతను సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

పాఠం మళ్ళీ కలిసేసరికి పై మేడమ్ అందులో లేదు. సాయంత్రానికి పని పోయిందని కబురొచ్చింది. బిడ్డ ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"పాఠం మొదలైనప్పుడల్ల నేను తెరుస్తుంటి, నువ్వొచ్చి మూస్తుంటివి నాయిన," అంది. "మూయకు అని మూడుసార్లు చెప్పిన. దుమ్ము వడ్తది అంటివి. తర్వాత నువ్వు ఆఫీసోళ్ళ మీద ఒర్రుతుంటే, నీ కోపం జూసి నాకే అనుమానమొచ్చింది. లైనే ఖరాబున్నదేమో, నాకే తెలుస్తలేదేమో అనుకున్న."

నా కోపం చూసి, తనకు తెలిసింది తప్పనుకుంది. వికారాబాద్‌లో నేను అరిచిన అరుపులన్నీ తిరిగొచ్చి నన్నే కొట్టినా నాకు అంత దెబ్బ తగిలేది కాదు.

ఇప్పుడు బిడ్డ పరిగిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రం గానీ రాదు. బస్సు కదిలాక మనవరాలు నా భుజం మీద అమ్మా, అమ్మా అని గొంతు పోయేలా ఏడుస్తుంది. దాని తల్లిని దానికి దూరం చేసిన నేనే దాన్ని ఎత్తుకుని ఊరుకోబెడతాను.