బ్యాండుమేళం వాయించిన కన్సర్టో

మొన్నటి వానలకు మా కోడలు పట్టుబట్టి నన్నూ మా ఆయన్నీ గూడూరు అడవిలోని భీముని పాదం జలపాతానికి తీసుకెళ్లింది. జనం పెరిగారు గానీ, బండ మీంచి రెండు పాయలుగా దూకి కింది మడుగులో ఒకటయ్యే ఆ నీళ్ల చప్పుడు మాత్రం మారలేదు. మా ఆయన పక్కన నిలబడి వింటుంటే, మేము పడుచువాళ్లుగా ఉన్ననాటి ఒక సాయంత్రపు గుండెదడ మళ్లీ పట్టుకుంది.

మాది జనగామ. మా నాన్నకు, బాపు అని పిలిచేదాన్ని, పెళ్లిళ్ల బ్యాండుమేళం ఉండేది. క్లారినెట్ ఆయనే వాయించేవాడు. పళ్లు కదలడం మొదలయ్యాక వాయించే పని తన శిష్యుడికి అప్పగించి, తన వాద్యాన్ని పెట్టెలో పెట్టేశాడు. నేను చర్చిలో పియానో వాయించేదాన్ని. ఎప్పటి దొరసానో వదిలిపోయిన ఆ పాత పియానోకు ముసురు పడితే నాలుగు మెట్లు ఉబ్బి, నొక్కితే లేచేవి కావు.

గూడూరులో ఒక పెళ్లికి పోయినప్పుడు మేళమంతా కలిసి భీముని పాదం చూడబోయాం. అక్కడ బాపు శిష్యుడు నీళ్ల హోరుకు జవాబిస్తున్నట్టు క్లారినెట్ తీసి నాలుగు స్వరాలు ఊదాడు. ఇంటికొచ్చినా అవి నన్ను వదల్లేదు. నాకు పియానో నేర్పిన టీచరమ్మ ఇంట్లో విన్న రికార్డుల్లో కన్సర్టో అనే పెద్ద రచన ఒకటి ఉండేది; పియానో ఒక్కటీ ఒకవైపు, వాద్యబృందమంతా మరోవైపు, ఒకరడిగితే ఒకరు బదులిస్తూ సాగేది. అటువంటిది ఆ జలపాతం మీద నేనే ఎందుకు కట్టకూడదని ఒక పిచ్చి ధైర్యం పుట్టింది. వాద్యబృందం ఎక్కడిదంటారా? బాపు బ్యాండే.

"గీ దొరల పాట మనకెందుకు బిడ్డా? పెండ్లిల గిది ఎవడింటడు?" అని బాపు విసుక్కున్నాడు. నేను అప్పటికే చర్చి వార్షికోత్సవానికి వాయిస్తామని పాస్టరుగారికి మాటిచ్చేశాను. మేళంలో ఎవరి వంతు వాళ్లకు నోటితో పాడి నేర్పాను. మూడు భాగాల్లో నడిమిది నెమ్మదిగా సాగేది, అందులో పియానో, క్లారినెట్ తప్ప మరేమీ లేవు. బాపు పడుకునే గదికి ఆనుకుని ఉన్న మా వరండాలో పియానో వంతు నేను పాడుతుంటే శిష్యుడు వాయించేవాడు, రోజుకో స్వరం మార్చుకునేవాళ్లం. నోరు తెరిచి ఒకరికొకరం ఏమీ చెప్పుకోలేదు. చెప్పవలసిందంతా ఆ భాగంలోనే పెట్టుకున్నాం.

ఇంతలో అతనికి భూపాలపల్లి బొగ్గుగనిలో నౌకరీ వచ్చింది. వార్షికోత్సవానికి తప్పక వస్తానని వెళ్లినవాడు ఉత్తరం ముక్కైనా రాయలేదు. అక్కడున్న అతని మేనమామ తన కూతుర్నిస్తానంటున్నాడని మేళంలో డ్రమ్ము కొట్టే ఆయన మాటవరసకు చెప్పాడు. అది మొదలు నాకు అన్నం సహించలేదు. బస్సు హారన్ వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేదాన్ని. పాట చెడుతుందన్న భయం వెనక ఇంకో భయం ఉందని మన ఈడు ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం చర్చి నిండింది, బయట ఎడతెగని వాన. అతను రాలేదు. ఉబ్బిన మెట్లు తప్పించుకుంటూ మొదటి భాగం ఎలా వాయించానో నాకే తెలియదు, చూపంతా తలుపు మీదే. నడిమి భాగంలో పియానో అడగవలసింది అడిగి ఆగింది. జవాబు రావలసిన చోట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

అప్పుడు నా వెనక క్లారినెట్ పలికింది. తిరిగి చూస్తే బాపు! తన పాత వాద్యం పట్టుకుని, కదిలే పళ్ల మీదికి పెదవి మడిచి, ఆయాసపడుతూనే వాయించాడు. మేమిద్దరం ఆఖరిసారి మార్చుకున్న మలుపు కూడా వదల్లేదు. నాకు సంతోషం కంటే ముందు భయం వేసింది. బాపుకు అంతా తెలుసు.

జనం వెళ్లిపోయాక, "నీకు నేర్పలేదు గదా బాపూ" అన్నాను తలెత్తకుండా.

"పక్క అర్రల పండుకున్నోన్ని, నాకినరాదా?" అన్నాడు పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ. "గది పాటనా బిడ్డా, మీ ఇద్దరి ముచ్చట గాదా? పిలగాన్ని రానీ, జర మాట్లాడుత."

మరునాడు మధ్యాహ్నం అతను మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. "వాగు పొంగితే బస్సు ఆపిండ్రు. తెల్లారేదాంక గాడనే కూసున్న" అన్నాడు.

"నీ వంతు నేను వాయించిన. మరి మీ మామ బిడ్డ సంగతేంది?" అన్నాడు బాపు.

"కాదని చెప్పొచ్చిన" అన్నాడు, బాపు వైపు కాక నా వైపు చూస్తూ.

మరుసటి ఎండాకాలంలో మా పెళ్లయింది. భూపాలపల్లి క్వార్టర్స్‌లో పియానో ఎక్కడిది? రాసుకున్న కాగితాలు చెదలు తిన్నాయి, చర్చిలో పియానో మూలపడింది. నా కన్సర్టో ఆ ఒక్కసారే మోగింది. ఎవరి కోసం కట్టానో ఆ మనిషి దాన్ని పూర్తిగా వినలేదు.

ఇప్పుడు వాగు దగ్గర బస్సు ఆగితే ఆ కబురు ఫోన్లో నిమిషంలో ఇంటికి చేరుతుంది. మంచిదే, మా పిల్లలకు అంత బెంగ వద్దు. కానీ వస్తాడో రాడో తెలియక ఎదురుచూడటం కూడా ఆ బెంగతోనే పోయింది. మా ఆయన పాలపాకెట్టుకని వెళ్లి ఆలస్యం చేస్తే, ఫోన్ చేయమ్మా అంటుంది కోడలు. నేను చేయను. తలుపు వైపు చూస్తూ కూర్చుంటాను.